ఈ గదిలో నోరు వాడరాదు

చీటీల్లో భార్యకు ఆరో నంబరు, తనకు ఏడో నంబరు వచ్చినప్పుడే అతని ప్రాణం ఉసూరుమంది. తనది ముందు వచ్చినా బాగుండేది. తప్పో ఒప్పో చేసేసి, గట్టెక్కి వచ్చి కూర్చుంటే, ఆ తర్వాత ఆమె ఎంత బాగా చేసినా మొగుడు చూపించిన దారే కదా అనుకునేవాళ్ళు నలుగురూ. ఇప్పుడలా కుదరదు. ఆమె వెళ్ళి ఆ పది వేళ్ళతో గదినంతా కొంగున ముడేసుకుని వస్తుంది. ఇక్కడ చప్పట్లుండవు, మెచ్చుకోవాలంటే రెండు చేతులూ పైకెత్తి రెపరెపలాడిస్తారు, ఆ రెపరెపలు సద్దుమణగక ముందే తను లేచి అందరి ముందూ నిలబడాలి. అందరి కళ్ళూ ఇంకా ఆమె మీదే ఉంటాయి. తనకంటూ మిగిలేది ఏముంటుంది? కుర్చీలో కాస్త కదిలాడు. ఆరేళ్ళ పిల్లల కొలతకు చేసిన కుర్చీ అది, కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి, లేస్తే కుర్చీ కూడా తనతో లేచి వస్తుందేమోనని పన్నెండు వారాలుగా భయం. గోడ మీద గడియారం టిక్కుటిక్కుమంటోంది. పదీ ఇరవై. ఆ చప్పుడు మాస్టారికి వినపడదు, చాప మీద కూర్చున్న పిల్లలకు వినపడదు, వినపడే తల్లిదండ్రులందరూ వింటున్నట్టు లేరు. గదిలో ఆ గడియారానికి తనొక్కడే దొరికినట్టున్నాడు.

ఒకటో నంబరు, తాళాలు బాగుచేసే ఆయన, బోర్డు ముందు నిలబడి చేతులాడిస్తున్నాడు. ఇవాళ చివరి క్లాసు. ఈ మధ్య జరిగింది ఏదైనా ఒకటి, మూడు నిమిషాల్లో, చేతులతో చెప్పాలి. మార్కులు మాస్టారు వెయ్యరు. పిల్లలు చూస్తారు, పిల్లలకు అర్థమైతే అయినట్టు. తాళాలాయనకు అర్థమయ్యేలా చెప్పడం వచ్చు, పిల్లలు అప్పుడే పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఎందుకు రాదు మరి, పొద్దస్తమానం సన్నటి తీగలతో తాళం కడుపులో వెతికే వేళ్ళాయె. అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. పెద్ద అరచేతులు, బొద్దు వేళ్ళు. పదిహేడేళ్ళుగా వాటికి ఉన్న పని ఒక్కటే, మైకు మీట నొక్కడం, వదలడం. చాప మీద ముందు వరసలో రెండోది తన కూతురు. రెండు జడలు, నీలం గౌను. మాస్టారు కుర్చీలో కూర్చోడు, పిల్లల మధ్య నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు, పాప తన మోచేతిని ఆయన మోకాలి మీద ఆనించి, ఏదో తన సొంత ఇంటి అరుగు మీద ఆనించినట్టు, అంత తేలిగ్గా కూర్చుంది. తన మోకాలి మీద ఎప్పుడైనా అలా ఆనించిందా? వచ్చినప్పటి నుంచి ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే చెయ్యి ఊపుదామని అతను ఇరవై నిమిషాలుగా చెయ్యి సిద్ధంగా పెట్టుకున్నాడు.

ఊళ్ళో అతని ముఖం ఎవరికీ తెలీదు, గొంతు తెలియనివాళ్ళు లేరు. బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లాడు తప్పిపోయి విచారణ కేంద్రం దగ్గర ఏడుస్తున్నాడో చెప్పేది అతనే. అక్కడ అందరూ మైకన్న అంటారు. ఒకసారి కొట్లో సబ్బు అడిగితే, వెనక నిలబడ్డ ముసలాయన "బాబూ, నువ్వు బస్టాండు గొంతువి కదూ, మొన్న నా సంచి దొరికిందని చెప్పింది నువ్వే కదూ" అని చెయ్యి పట్టుకుని వదల్లేదు. అలాంటి మనిషికి మాటంటే లెక్కేముంది. ఈ క్లాసులో చేరేరోజు ఆఫీసు గదిలో కాగితం మీద సంతకం పెడుతూ, "మూడు వారాలు చాలండి నాకు, భాషే కదా" అన్నాడు. ఇంకో మాట కూడా అడిగాడు. "ఇంతకీ మా పాపకి మాటలు ఎన్నాళ్ళకు వస్తాయంటారు?" అక్కడి గుమస్తా అమ్మాయి కళ్ళద్దాల పైనుంచి చూసి, "ఈ శనివారం క్లాసు పాపకి కాదండీ, మీకు" అంది. అప్పుడే ఏదో కలుక్కుమంది. సరిదిద్దుకున్నాడు. సరే, నాకే అనుకున్నాడు, నాకైతే ఇంకా తేలిక. రెండొందల పేజీల నోటుబుక్కు కొన్నాడు. స్కేలు పెట్టి ప్రతి పేజీకీ మధ్యలో గీత గీశాడు, ఎడమవైపు మాట, కుడివైపు దాని సైగ, రోజుకు ముప్పై చొప్పున బట్టీ పడితే నెలకు తొమ్మిదొందలు. మొదటిరోజు మాస్టారు నవ్వుతూ వచ్చి ఆ నోటుబుక్కు చేతిలోంచి తీసుకుని బీరువా మీద పెట్టేశాడు, ఇంకా అక్కడే ఉంది, దుమ్ము పట్టి. తర్వాత బోర్డు దగ్గరికి వెళ్ళి పెద్ద అక్షరాలతో రాశాడు, ఈ గదిలో నోరు వాడరాదు. అందరూ తలలూపారు. అతను "మరి సందేహాలొస్తే ఎలా సార్?" అని పైకే అడిగేసి నాలుక్కరుచుకున్నాడు. మాస్టారు వినలేదు, వినలేడు. కానీ పెదాలు కదలడం చూశాడు. బోర్డు మీది మాటల కింద నింపాదిగా ఇంకో గీత గీశాడు.

అతను మంచి నీళ్ళలాంటి పాఠం అనుకుని వచ్చాడు, గుటకేస్తే దిగిపోయేది. భార్య ఏమనుకుని వచ్చిందో ఆమెను అడిగాడు ఒకసారి, ఇంటికి వెళ్ళే దారిలో. "నాకు రాదనే అనుకుని వచ్చానండీ. రాదనుకున్నది కొంచెం కొంచెం వస్తుంటే బాగుంది" అంది, సంచిలో నీళ్ళ సీసా సర్దుకుంటూ. అంతే. ఆమె రక్తపరీక్షల కేంద్రంలో రక్తం తీస్తుంది. రోజుకు ఎనభై మంది, ఎనభై చేతులు. సూది చూడకుండా కళ్ళు మూసుకునేదెవరో, పైకి ధైర్యంగా ఉండి దూది పెట్టగానే కళ్ళు తిరిగి పడిపోయేదెవరో, తలుపు తోసుకుని లోపలికి వచ్చే ముఖం చూసి చెప్పేస్తుంది. ముఖాలు చదివి చదివి అలవాటైన మనిషి. రెండో వారం మాస్టారు కనుబొమల పాఠం చెప్పినప్పుడు అతనికి అదంతా కోతిచేష్టలా అనిపించింది. ఇంత వయసొచ్చి ముఖం అష్టవంకరలు తిప్పడమేమిటని బిగదీసుకుని కూర్చున్నాడు. తర్వాత తెలిసింది, ప్రశ్నంతా కనుబొమల్లోనే ఉందని. అవి పైకి లేవకపోతే నీళ్ళు కావాలా అన్న మాట నీళ్ళు కావాలి అయిపోతుంది. అతను రోజూ సాయంత్రం పాప ముందు కూర్చుని ఎంతో ముద్దుగా, ముఖం కదపకుండా, నీళ్ళు కావాలా అని అడిగేవాడు, పాప బుద్ధిగా లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చేది. అబ్బ, ఎంత ప్రేమో నా తల్లికి అని తాగేవాడు. మళ్ళీ అడిగేవాడు, మళ్ళీ తెచ్చేది. వారం రోజుల పాటు అలా గ్లాసులు గ్లాసులు తాగాడు. చూసి చూసి భార్యే చెప్పింది, నవ్వాపుకుంటూ. ఆ నవ్వాపుకోవడమే కడుపులో కాలింది. చెప్పినందుకు కాదు, ఆపుకున్నందుకు. మొదటిరోజే చెప్పకుండా వారం రోజులు చూసినందుకు.

తాళాలాయన కూర్చున్నాడు. రెండో నంబరు ఎవరో కుట్టుపని చేసే ఆవిడ, ఆవిడ వైపు సరిగ్గా చూడలేదు అతను. తను చెప్పవలసినది లోపల్లోపల తిప్పుకుంటున్నాడు, బస్సు, ఆలస్యం, వాన, అమ్మమ్మ, గొడుగు. మధ్యలో తెగిపోతోంది. వంటగది అడ్డం వస్తోంది. ఒక ఆదివారం పొద్దున, గిన్నెలు కడిగే చోట ఆమె, గట్టు మీద కాళ్ళాడిస్తూ పాప. ఇద్దరి చేతులూ తడి. గాల్లోకి నీటి చుక్కలు ఎగురుతున్నాయి, కిటికీ వెలుగులో మెరుస్తూ. ఒక్క అలికిడి లేదు, కానీ అంత గలభాగా ఉన్న వంటగదిని అతను ఎన్నడూ చూడలేదు. పాప ఏదో చెప్పింది, చూపుడు వేలు ముక్కుకి అడ్డంగా పెట్టి, రెండు భుజాలూ ఎగరేసి. ఆమె తల వెనక్కి వాల్చి నవ్వింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తను చెప్పిన ఏ హాస్యానికీ ఆమె అలా మెడ వాల్చి నవ్వలేదు. తను నవ్వించగలవాడని ఊరంతా అంటారు, డ్రైవర్లు టీ తాగడం ఆపి వింటారు. గుమ్మంలో నిలబడి "ఏమంటోంది?" అన్నాడు.

"ఏమీ లేదండీ."

"ఏమీ లేకుండా అంత నవ్వా?"

"అది చెప్తే నవ్వు రాదు. చూస్తేనే వస్తుంది" అంది ఆమె, చేతులు తుడుచుకుని. చేతులు తుడుచుకోగానే మాట అయిపోయింది. పాప గట్టు దిగి వెళ్ళిపోయింది. తను వచ్చాక ఆ వంటగది మూగబోయిందని, ఎందుకో, అప్పుడు తట్టలేదు. వాళ్ళిద్దరూ తనను చూసి కొట్టు కట్టేసినట్టు కట్టేశారని మాత్రం తోచింది. ఆ రోజంతా ముఖం మాడ్చుకుని తిరిగాడు, ఎందుకని ఎవరూ అడగలేదు.

అన్నీ ఆమెకే ముందు తెలుస్తాయి. పాపకు వినపడదన్నది కూడా ఆమెకే ముందు తెలిసింది. అప్పటికి పాపకు రెండేళ్ళు. పరీక్ష గదిలో డాక్టరమ్మ వెనక నిలబడి డోలు కొట్టింది, గంట మోగించింది, పాప బొమ్మ తోక లాగుతూనే ఉంది. "ఉండండి డాక్టరుగారూ, నేను పిలుస్తాను, నా గొంతైతే తిరుగుతుంది" అని అతను గొంతు సవరించుకుని, ఆఖరి బస్సుకు పిలిచినప్పుడు వేసే ఆ నిండు గొంతుతో కూతురి ముద్దుపేరు పిలిచాడు. బయట వరండాలో కూర్చున్నవాళ్ళు కూడా తలుపు వైపు తిరిగారు. పాప తిరగలేదు. అతను భార్య వైపు చూశాడు, ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. ఆర్నెల్లుగా తెలుసట. వెనక పళ్ళెం జారిపడినా ఉలిక్కిపడలేదట. "మీరు బాధపడతారని" అంది. బాధలో కూడా తనకంటే ఆర్నెల్లు ముందుంది. ఆ ఆర్నెల్లూ రోజూ రాత్రి భోజనాల దగ్గర పాపకు పాట పాడుతూ, చూశావా ఎలా వింటోందో అని తను మురిసిపోతుంటే, ఆమె ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటూ ఏమనుకుని ఉంటుంది? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా అతనికి కూతురి మీద జాలి, తన మీద సిగ్గు రావాలి కదా, రాదు. ఆమె మీద కుళ్ళు వస్తుంది. కూతురిని ఆమె ఆర్నెల్లు ఒక్కత్తే దాచుకుంది, ఉన్నది ఉన్నట్టుగా. తనకు దక్కింది ఊహించుకున్న కూతురు.

మూడో నంబరు ఎప్పుడో అయిపోయింది, నాలుగో ఆయన చెబుతున్నాడు. పదిన్నర దాటింది. నాలుగు అనగానే ఆ నాలుగో వారం. దాన్ని తలుచుకోకూడదని అతను ఎంత అనుకున్నా పిలవని పేరంటంలా వస్తుంది. శుక్రవారం సాయంత్రం భార్యతో, "రేపు క్లాసు లేదట, ఫోన్ చేశారు" అన్నాడు. అబద్ధం. ఎవరూ చెయ్యలేదు. ఒక్క వారం, ఒక్కటంటే ఒక్క వారం ఆమె లేకుండా వెళితే, ఆ పాఠం తనకు మాత్రమే వస్తే, ఇంటికి వచ్చి పాపతో ఆమెకు తెలియని మాటొకటి మాట్లాడితే, ఆమె గుమ్మంలో నిలబడి ఏమంటోందని అడిగితే. అంతే కోరుకున్నాడు. పాపను షికారుకని తీసుకొచ్చాడు. తీరా వచ్చాక ఆ రెండు గంటలూ నరకం. ఎవరేం చెప్పినా అర్థం కాక పక్కకు తిరిగేవాడు, పక్క కుర్చీ ఖాళీ. పక్కనున్న ఆమె ముఖం చూసి తను పాఠం అర్థం చేసుకుంటున్నాడని అప్పటిదాకా అతనికే తెలియదు. చివర్లో మాస్టారు వచ్చి అడిగాడు, ఆమె ఎక్కడ? అతని చేతులు వాటంతటవే లేచాయి. ఆమెకు జ్వరం, పడుకుంది, రాలేదు. మూడు మాటలూ వరసగా, తప్పు లేకుండా, ముఖంలో సరైన దిగులుతో. మాస్టారు మెచ్చుకుంటూ రెండు చేతులూ రెపరెపలాడించాడు. ఆ భాషలో అతను తడబడకుండా చెప్పిన మొదటి పూర్తి వాక్యం అబద్ధం. కిందికి చూస్తే పాప. తలెత్తి తననే చూస్తోంది. అమ్మకు జ్వరం లేదని దానికి తెలుసు. ఆ చూపులో కోపం కూడా లేదు, కొత్తమనిషిని చూసినట్టు చూసింది. తర్వాతి శనివారం మాస్టారు భార్యను అడిగాడు, జ్వరం తగ్గిందా? ఆమె ఒక్క క్షణం అతని వైపు చూసింది, సూది పెట్టే ముందు చూసే చూపు. చేతులు మెల్లగా కదిలాయి. తగ్గింది. ఇంటికి వెళ్ళాక కూడా ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. ఆమెకు అబద్ధం కూడా తనకంటే బాగా వచ్చు.

ఆ తర్వాతే అతను దొంగచాటుగా సాధన మొదలుపెట్టాడు. బస్టాండులో తన అద్దాల గదిలో, ప్రకటనకూ ప్రకటనకూ మధ్య, గాజులో కనపడే తన నీడను చూస్తూ. వాన రోజు, ఆలస్యమైన బస్సు, గొడుగు లేని అమ్మమ్మ, బస్సు దిగిన మనవరాలు. ఈ చివరి క్లాసు కోసం మూడు నిమిషాల కథ. రెండు వారాల పాటు తిప్పాడు. ఒకసారి బస్సు వెనక్కి వెనక్కి వచ్చింది అన్న చోట రెండు చేతులూ జోరుగా ఊపుతుంటే, కిటికీ బయట నిజం బస్సు డ్రైవరు తనకే చెబుతున్నాడనుకుని బండి వెనక్కి తీసి అరటిపళ్ళ తోపుడుబండిని గుద్దబోయాడు. "మైకన్నా, ఏమైందన్నా నీకు, చేతులకి పూనకమా?" అని కండక్టర్లు గోల. వాళ్ళకు చెప్పలేదు. చెబితే పోటీ అంటారు. పెళ్ళాంతో పోటీ ఏమిటన్నా అంటారు. నిజమే, ఏమిటి? గెలిస్తే ఏమిస్తారు? పాప వెనక్కి తిరిగి చూస్తుంది. అంతే కదా. ఆ ఒక్కటే.

ఐదో నంబరు కూర్చుంది. భార్య లేచింది.

చీర కొంగు నడుముకు చుట్టి దోపుకుంది, గాజులు తీసి సంచిలో వేసింది, మాస్టారు ఎప్పుడూ చెబుతాడు చేతుల మీద మెరిసేవేవీ ఉండకూడదని. అతనికి ఒక్కసారిగా ఆమె తప్పు చెయ్యాలనిపించింది. ఒక్క తప్పు. మధ్యలో మరిచిపోవాలి, ఆగిపోవాలి, అప్పుడు తను వెనక నుంచి ధైర్యం చెబుతున్నట్టు తలూపుతాడు. ఆమె ఆగలేదు. ఇల్లు. ఆదివారం. పొద్దున్న. అక్కడిదాకా అందింది. తర్వాత ఒక సైగ చేసింది, నాలుగు వేళ్ళూ బొటనవేలూ కలిపి నోటి ముందు టపటపా తెరిచి మూసింది. చాప మీద పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ సైగ అతనికి తెలియదు. ఏ వారం చెప్పారిది? ఆమె మంచం కింద చూసింది, దిండు ఎత్తింది, బీరువా తీసింది, మళ్ళీ నోటి ముందు టపటప, మళ్ళీ వెతుకులాట, ఇంట్లో అందరి మీదా చిర్రుబుర్రు. ఆఖరికి రెండు వేళ్ళు నుదుటి పైకి తీసుకెళ్ళి తలమీద కళ్ళద్దాలు పెట్టింది. గదంతా నవ్వు. అతని చెయ్యి తనకు తెలియకుండానే తన తల మీదికి వెళ్ళింది. ఇప్పుడు అక్కడ కళ్ళద్దాలు లేవు. ఆదివారం ఉన్నాయి. కళ్ళద్దాలు తలమీద పెట్టుకుని ఇల్లంతా తిరగేసింది తనే. అంటే ఆ టపటప తనే. నోటి ముందు ఆడే ఆ వేళ్ళు తన పేరు.

నాలుగుసార్లు వాడింది. అతను లెక్కపెట్టాడు. పిల్లలందరికీ తెలుసు, మాస్టారికి తెలుసు, తాళాలాయన కూడా నవ్వుతూ ఇటు తిరిగి చూశాడు. ఇక్కడ పేర్లు ఎవరికి వారు పెట్టుకోరని, వినపడనివాళ్ళు మనిషిని చూసి పెడతారని మాస్టారు రెండో వారమే బోర్డు మీద రాశాడు. భార్యకు ఐదో వారమే పెట్టారు, మోచేతి ఒంపులో వేలితో చిన్న చుక్క. తనకు ఇంకా రాలేదని అతను లోపల కుమిలిపోయాడు, వస్తే గొంతుకు సంబంధించిందేదో గొప్పగా వస్తుందని ఎదురుచూశాడు. ఎప్పుడో వచ్చేసిందన్నమాట. తనకు తప్ప అందరికీ చెప్పారు. వాగుడుకాయ అని. చెవులు ఎర్రబడ్డాయి. పక్కన కూర్చున్న మామ్మ, మనవడి కోసం వచ్చే డెబ్భై ఏళ్ళావిడ, వణికే చేతులతో ఒక్క సైగ తిన్నగా చెయ్యలేని ఆవిడ కూడా బోసినోటితో నవ్వుతోంది. అతను ఆవిడ మోచెయ్యి తట్టి అడిగాడు, ఏమిటది? ఆవిడ అతని వైపు తిరక్కుండానే, కళ్ళు బోర్డు వైపే ఉంచి, అరచేతితో గాలిని రెండుసార్లు మెత్తగా తట్టింది. తర్వాత చెప్తా.

ఆ చెయ్యి. అలా గాలిని తట్టే చెయ్యి అతనిది. తమ్ముడి ఇంట్లో, పదిమంది భోజనాల దగ్గర, తను బస్టాండు కథలు చెబుతుంటే అందరూ పొట్టచెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. పాప ఒక్కో ముఖం వైపూ చూసేది, ఇటు, అటు, మళ్ళీ ఇటు. అందరితో పాటు నవ్వేది, ఒక అర క్షణం ఆలస్యంగా. తర్వాత చొక్కా పట్టుకుని లాగేది. తను దాని తల నిమిరి, కథ ఆపకుండానే, తర్వాత తర్వాత అని చేత్తో గాలిని తట్టేవాడు. మళ్ళీ లాగితే "ఏమీ లేదు తల్లీ, తిను" అని ముద్ద నోట్లో పెట్టేవాడు. ఆ తర్వాత అన్నది ఒక్కసారైనా వచ్చిందా? గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. కొన్నాళ్ళకు లాగడం మానేసింది. పెద్దదవుతోంది, బుద్ధిగా తింటోంది అని మెచ్చుకున్నాడు తను. భోజనమయ్యాక మూలకి వెళ్ళి ఒక్కత్తే చెంచాలతో ఆడుకునేది. ఈ మామ్మ చెయ్యి తట్టి ఒక్క నిమిషం కాలేదు, తనకు కుర్చీ విసిరి బయటికి పోవాలని ఉంది. పాప నాలుగేళ్ళు అలాగే కూర్చుంది.

రెపరెపలు. ఆమె వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ముఖం మీద చెమట, కళ్ళలో ఇంకా ఆరని వెలుగు. అతని ముఖం చూడగానే ఆ వెలుగు తగ్గింది. ఏదో చెప్పబోయి చేతులెత్తింది, దించేసుకుంది. మాస్టారు నేల మీద అరచేత్తో తట్టాడు, చప్పుడు కాళ్ళ కింద వణికింది. ఏడు.

లేచి ముందుకు నడిచాడు. పాప ఇప్పుడు చూస్తోంది. చూడక తప్పదు, ఎదురుగా ఉన్నాడు. మోచెయ్యి ఇంకా మాస్టారి మోకాలి మీదే. వాన అనాలి మొదట. రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు జార్చాలి. చేతులు లేవలేదు. కథ మొత్తం లోపల ఉంది, మొదటి మాట నుంచి ఆఖరి మాటదాకా వరసగా కనపడుతోంది, కానీ అది ఎవరికి చెప్పాలి? మెచ్చుకోవడానికి వచ్చినవాళ్ళకు చెప్పే కథ అది. అదీ మైకులో ప్రకటనే. చాప మీద పన్నెండు జతల కళ్ళు ఎదురుచూస్తున్నాయి. గడియారం ఒక్కటే చప్పుడు. అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు, పాప ఎత్తుకు. వేళ్ళు కలిపి నోటి ముందు తెరిచి మూశాడు, ఆ సైగే. తన ఛాతీ చూపించుకున్నాడు. తర్వాత అడిగాడు. నేను. ఈ పేరు. ఎందుకు?

అడిగాక తెలిసింది, ఈ పన్నెండు వారాల్లో పాపతో తను, తిను, పడుకో, రా, నీళ్ళు, అల్లరి వద్దు అన్నాడే తప్ప, తనకు తెలియనిదేదీ దాన్ని ఇంతవరకు అడగలేదని.

పాప మాస్టారి వైపు చూసింది. మాస్టారు తలూపాడు. లేచి నిలబడి గౌను సర్దుకుని చెప్పింది, పక్షిలా రివ్వున. ఒక్క ముక్క అందలేదు. వెనక కుర్చీ కిర్రుమంది, భార్య సగం లేచింది, తను చెప్పడానికి. అతను వెనక్కి తిరక్కుండానే వద్దని చెయ్యి చూపాడు. మళ్ళీ, అన్నాడు పాపతో. మళ్ళీ చెప్పింది. అమ్మ అన్నది అందింది. మాస్టారు అన్నది అందింది. మళ్ళీ, అన్నాడు. పిల్లల్లో ఎవరో నవ్వితే పాప చురుక్కున అటు చూసింది, వాళ్ళు నోరు మూసుకున్నారు. ఈసారి నింపాదిగా, తెలియనివాళ్ళకు చెప్పినట్టు, ఒక్కొక్కటే విడదీసి చెప్పింది. అమ్మ చేతులు మాట్లాడతాయి. మాస్టారి చేతులు మాట్లాడతాయి. నా చేతులు మాట్లాడతాయి. నాన్న చేతులు నిద్రపోతాయి. నోరు ఊరికే ఆడుతుంది, ఆడుతుంది, ఆడుతుంది. మాట రాదు.

చివర తన రెండు పెదాల మీద అరచెయ్యి అడ్డం పెట్టి తల ఒక పక్కకు వాల్చింది. పాపం అన్నట్టు. ఎక్కడా ఎగతాళి లేదు. మామ్మ వైపు చూసేటప్పుడు దాని ముఖంలో ఉండే ఆ మెత్తదనం, అదే.

వాగుడుకాయ కాదు. మూగవాడు. తన కూతురి లెక్కలో ఆ ఇంట్లో మాటలు రానివాడు తనొక్కడే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కడుపులో ఇన్నాళ్ళూ రగిలింది చల్లారిపోలేదు. వెనక కూర్చున్న మనిషి మీద కుళ్ళు అలాగే ఉంది, ఆమె చేతుల మీద, ఆమె ఆర్నెల్ల మీద. కానీ దానికి ఇప్పుడు తొందర లేదు. అర్థమైంది, అని చెప్పాడు పాపకు. నిజంగానే అర్థమైంది, ఎవరూ చెప్పకుండా. బోర్డు పైన గంటకు బదులు పెట్టిన ఎర్రదీపం ఆరి వెలిగింది, మూడు నిమిషాలు అయిపోయినట్టు. ఎనిమిదో నంబరు మామ్మది, ఆవిడ అప్పటికే లేచి కొంగు సర్దుకుంటోంది.

పాప కూర్చోలేదు. ఇంకేదో చెప్పింది. కొత్తది, చిటికెన వేలితో మొదలై గుప్పిటలోకి ముడుచుకునేది. అతనికి తెలియదు. ఏమిటది, అని అడిగాడు. చెప్పింది. తెలియలేదు. తర్వాత అనలేదు, భార్య వైపు చూడలేదు, అక్కడే మోకాళ్ళ మీద ఉండి చేతులు చాపాడు. పాప విసుగ్గా ఒక నిట్టూర్పు విడిచి, చాప మీంచి రెండడుగులు వచ్చి, అతని బొద్దు వేళ్ళను తన రెండు చేతుల్లోకి తీసుకుంది. చిటికెన వేలిని పట్టుకుని నిలబెట్టింది. మిగతావాటిని ఒక్కొక్కటిగా వంచడం మొదలుపెట్టింది. బొటనవేలు మొండికేసింది. పాప దాన్ని వంచి, వదిలి, మళ్ళీ వంచింది.